పేరు కోరమండల్, ఊరు చైనా

మా రామచంద్రపురం వైపు రైతుకి కోరమండల్ అంటే ఎరువుల కంపెనీ. రైలెక్కేవాళ్లకి హౌరా వైపు నుంచి చెన్నై పోయే ఎక్స్‌ప్రెస్. చరిత్ర కాస్త చదువుకున్నవాళ్లకి అది చోళమండలం అనే మాట పరాయివాళ్ల నోట్లో నలిగి తేలిన రూపం, బంగాళాఖాతం ఒడ్డున మన తీరానికి పేరు. పారిస్‌లోనో లండన్‌లోనో పాత సామాను వేలం వేసే చోట ఇదే మాట అంటే మాత్రం ఈ మూడూ ఎవరికీ గుర్తుకురావు. అక్కడ కోరమండల్ అంటే ఒక చైనా వస్తువు. మనిషి కంటే ఎత్తుగా ఉండే చెక్క పలకలు, చాలాసార్లు పన్నెండు, మడత పడేలా వరసగా తగిలించి ఉంటాయి. నల్లటి నిగనిగలాడే పూత మీద కొండలు, మేడలు, కొంగలు, తోటలో తిరిగే ఆడవాళ్లు. అన్నీ చెక్కి, రంగులు నింపినవే. దాని పేరు కోరమండల్ తెర.

చైనాలో, చైనా పనివాళ్లు, మొదట్లో చైనా ఇళ్ల కోసమే చేసిన వస్తువు ఇది. దాని మీద ఉన్నవి చైనా కథలు. పేరు మాత్రం మన తీరానిది. ఇలాంటిది కంటపడితే ‘చూశారా, ఇదీ మనదే’ అని వాట్సాప్‌లో తిరగడానికి అరగంట చాలు. ఆ మాటకి తొందరపడకుండా, అసలు ఈ పేరు దానికి ఎలా అంటుకుంది, పేరు కింద ఉన్న పనితనం ఎవరిది, ఇందులో మన వాటా ఏమైనా ఉంటే అది ఏమిటి అన్న మూడు ప్రశ్నలు విడివిడిగా చూడాలనిపించింది.

*

ముందు వస్తువు సంగతి. చైనా వాళ్లు ఈ పనిని క్వాన్‌త్సాయ్ అంటారు. చెక్కి రంగులు నింపడం అని స్థూలంగా అర్థం. చెక్క పలక మీద నారబట్ట లాంటిది అతికిస్తారు. ఆ పైన మట్టిపొడి, ఇటుకపొడి లాంటివాటిని పంది రక్తంతోనో పచ్చి లక్కతోనో కలిపిన ముద్దని పూత మీద పూతగా మెత్తుతారు. ఒక్కో పూత ఆరాక నున్నగా రుద్ది మరో పూత. తగినంత మందం వచ్చాక దాని మీద నల్లటి లేదా ముదురు గోధుమరంగు లక్క కొన్ని పూతలు వేసి అద్దంలా మెరుగుపెడతారు. అప్పుడు బొమ్మ గీస్తారు. గీతల్ని అలాగే ఉంచి, గీతల మధ్య జాగాని ఉలితో తవ్వేస్తారు. నల్ల పొర లేచిపోయి కింద మెత్తిన పొర బయటపడుతుంది. ఆ గుంటల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, అక్కడక్కడా బంగారం.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కడం చూసినవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. టేకు దిమ్మ మీద బొమ్మ గీసి, గీత నిలబడేలా చుట్టూ ఉన్న చెక్కని తీసేస్తారు కదా, ఇదీ అంతే. తేడా ఏమిటంటే పెడన అచ్చులో నిలబడ్డ గీతకి రంగు అంటుతుంది, ఇక్కడ తవ్విన గుంటకి రంగు పడుతుంది. పుస్తకాలు అచ్చు వేయడానికి చెక్క దిమ్మలు చెక్కడంలో శతాబ్దాల అనుభవం ఉన్న దేశంలో ఈ పద్ధతి పుట్టడం సహజమే.

కాంగ్‌షీ చక్రవర్తి కాలం, అంటే 1662 నుంచి 1722 దాకా, ఈ తెరలకి మంచి రోజులు. పెద్ద ఉద్యోగులకి పుట్టినరోజు కానుకగానో, బదిలీ మీద వెళ్తుంటే వీడ్కోలుగానో ఇచ్చేవాళ్లు. ఒకవైపు సంబరాల బొమ్మ ఉంటే, రెండోవైపు చాలాసార్లు పొడవాటి అభినందన పాఠం ఉంటుంది. ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఇచ్చినవాళ్ల పేర్లూ హోదాలూ ఏమిటి, అన్నీ అక్షరం పొల్లుపోకుండా చెక్కి ఉంటాయి. మన ఊళ్లలో గుడికి ఫ్యాను ఇచ్చి, దాని రెక్క మీద తాతగారి పేరు రాయించుకునే అలవాటు చైనాకీ కొత్తేం కాదు. ఆ అక్షరాలన్నీ ఓపిగ్గా చెక్కినవాడి పేరు మాత్రం మామూలుగా కనపడదు.

*

ఈ తెరలు 17వ శతాబ్దం చివర్లో యూరప్ చేరాయి. అప్పటికి ఇంగ్లీషువాళ్లు ఈ పనిని పిలిచిన పేరు కోరమండల్ కాదు, ‘బాంటమ్ పని’. బాంటమ్ జావా ద్వీపంలో ఒక రేవు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1682 దాకా అక్కడ కొఠీ ఉండేది. చైనా పడవల సరుకు అక్కడ దొరికేది కాబట్టి ఆ సరుకుకి ఆ రేవు పేరు పడింది. 1688లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చు వేయించిన వార్నిష్ పని పుస్తకంలో కూడా బాంటమ్ పని అనే ఉంటుంది. కోరమండల్ అనడం ఫ్రెంచివాళ్ల అలవాటు. 1782 నాటి ఒక పారిస్ వేలం జాబితాలో ఈ మాట కనపడుతుంది. ఫ్రెంచివాళ్లకి పాండిచ్చేరి ఉంది, మన యానాం ఉంది, మచిలీపట్నంలో కొఠీ ఉంది. తూర్పు దేశాల సరుకు వాళ్ల లెక్కల్లో ఈ తీరం మీదుగానే సాగేది.

అంటే ఒకే తెరకి ఒకరు జావా పేరు పెట్టారు, మరొకరు చోళమండలం పేరు పెట్టారు. కొన్నవాడికి అది ఎక్కడ పుట్టిందో అక్కర్లేదు. తన ఓడలోకి ఎక్కడ ఎక్కిందో అదే దాని ఊరు. ఇది ఈ తెరల ఒక్కదాని కథే అనుకోవద్దు. మన తీరంలో నేసిన చారల నూలు బట్టని జపాన్‌లో ‘సంతోమె’ అన్నారు. అది మైలాపూర్‌లో పోర్చుగీసువాళ్లు కట్టుకున్న సావ్ తోమె అనే పేటకి వచ్చిన జపాను ఉచ్చారణ. ఇంగ్లీషులో పింగాణి గిన్నెలన్నీ ‘చైనా’ అయ్యాయి, యూరప్‌లో చేసిన నకిలీ లక్క పని ‘జపానింగ్’ అయింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? మన పట్టుబట్ట చీనాంబరం.

ఈ పేర్ల లెక్కలో గోదావరి జిల్లా బయటేమీ లేదు. భూగోళ పుస్తకాలు కొన్ని కోరమండల్ తీరాన్ని కృష్ణ దగ్గరే ఆపేస్తాయి కానీ, డచ్చివాళ్ల దస్త్రాల్లో అది ఇంకా పైకి వస్తుంది. 1605లో మచిలీపట్నంలో దిగిన డచ్ కంపెనీ తర్వాత పులికాట్ కేంద్రంగా చేసుకుని నడిపిన కోరమండల్ వ్యాపారంలో పాలకొల్లు ఉంది, భీమునిపట్నం ఉంది. మా ఊరి నుంచి సైకిల్ మీద పోయేంత దూరంలో ఉన్న ద్రాక్షారామం కూడా ఉంది. భీమేశ్వరుడి గుడికి పేరుపడ్డ ఊళ్లో 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు కొఠీ పెట్టింది బట్టల కోసం. ఇక్కడి నేతబట్టని తూర్పు దీవులకి పట్టుకెళ్లి మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనడం వాళ్ల వ్యాపారం. కోనసీమలో బెండమూర్లంక, యానాం పక్కన ఇంజరం, నర్సాపురం పక్కన మాధవాయపాలెం ఇంగ్లీషువాళ్ల కొఠీలు. ఈ రేవుల్లో ఓడ ఎక్కింది మన బట్ట. ఆ ఓడలు తిరిగే దారిలోనే చైనా సరుకూ తిరిగింది.

ఈ తీరంలో సరుకు దించడం మాటలు కాదు. మద్రాసుకి 19వ శతాబ్దం చివరిదాకా సరైన రేవే లేదు. ఓడ సముద్రంలో దూరంగా లంగరు వేసుకుంటే, ఒడ్డు దాకా ప్రతి పెట్టెనీ మసూలా పడవల్లో తేవాలి. మేకు అనేది లేకుండా చెక్క పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలవి. అల విసిరికొడితే విరిగిపోకుండా ఒంగుతాయి. ఆ పడవలు నడిపిన బెస్తవాళ్ల భుజాల మీదుగానే కంపెనీల సరుకంతా ఎక్కింది, దిగింది. కోరమండల్ అనే పేరులో ఎవరి కష్టమైనా దాక్కుని ఉందంటే అది మోసినవాళ్లది. చెక్కినవాళ్లది కాదు.

యూరప్ చేరాక ఆ తెరల గతి వేరే. అంత పొడవు తెర పెట్టుకునే గదులు లేనివాళ్లు, తెర కంటే బీరువా ఎక్కువ అవసరమనుకున్నవాళ్లు వాటిని రంపంతో కోయించారు. ముక్కలతో బల్లలు చేశారు, అద్దాలకి చట్రాలు వేశారు, గోడలకి తాపడం చేశారు. బొమ్మ ఏ దిక్కున ఉందో చూడకుండా అతికిస్తే మనుషులు తలకిందులయ్యేవాళ్లు. 1688 నాటి ఆ పుస్తకమే ఈ పనిని ఎగతాళి చేసింది. 18వ శతాబ్దంలో పారిస్‌లోని మేటి వడ్రంగులు కూడా చైనా, జపాన్ లక్క పలకల్ని పలచగా చీల్చి సొరుగుబల్లలకి అతికించారు. 20వ శతాబ్దంలో ఫ్యాషన్ లోకపు కోకో షనెల్ ఇలాంటి తెరలు చాలా కూడబెట్టి, పారిస్‌లో తన ఇంటి గోడలన్నీ వాటితో నింపుకుంది. ఆ కంపెనీ 2007లో తెచ్చిన ఒక అత్తరు పేరు కోరమండల్. మా తీరం గాలి ఎలా ఉంటుందో, ముఖ్యంగా చేపలు ఎండేసిన రోజున, ఆ సీసా కొనేవాళ్లకి తెలిసే అవకాశం లేదు.

*

కోరమండల్ తెర అనే పేరులో మన తీరం ఉంది సరే. ఇంకాస్త లోపలికి వెళ్తే ఇంకో మాట దొరుకుతుంది. ఈ పూతని ఇంగ్లీషులో లాకర్ అంటారు. ఆ మాట పోర్చుగీసు ‘లాకా’ మీదుగా మన లక్క నుంచే వెళ్లింది. సంస్కృతంలో లాక్షా, మనకి లక్క. అంటే వస్తువు చైనాది, దాని ఇంటిపేరూ ఒంటిపేరూ రెండూ ఇటువైపువి.

చిక్కేమిటంటే చైనా లాకర్‌లో లక్క లేదు. లక్క అనేది పురుగు ఇచ్చే సరుకు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద వేలకొద్దీ చేరే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. అందులోని ఎరుపు లత్తుకగా పాదాలకెక్కింది. మిగిలిన జిగురు లక్క. వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. మంట తగిలితే అంటుకుంటుంది. భారతంలో పాండవుల కోసం లక్క ఇల్లు కట్టించింది అందుకే.

చైనా వాళ్లది చెట్టు పాలు. చెట్టు బెరడు మీద కత్తితో గాట్లు పెట్టి, మన కల్లుగీత లాగే ఓపిగ్గా బొట్టుబొట్టుగా పడతారు. జపాన్‌లో ఒక చెట్టు నుంచి ఒక సీజను మొత్తానికి వచ్చేది సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు. ఈ పాలు ఆరే తీరు వింత. ఎండలో పెడితే సరిగా ఆరదు, గాలిలో తేమ ఉండాలి. అందులోని ఉరుషియోల్ అనే పదార్థం, ఒక ఎంజైము సాయంతో, గాలిలోని ఆక్సిజన్ తీసుకుని, అణువులన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని గట్టిపడుతుంది. అందుకే పనివాళ్లు వస్తువుల్ని తడి బీరువాల్లో పెట్టి ఆరనిస్తారు. మా కోనసీమ ఉక్కపోత ఈ పనికి బ్రహ్మాండంగా సరిపోయేది. ఒకసారి గట్టిపడితే ఇక కరగదు. వేడినీళ్లకీ, సారాయికీ, చాలా ఆమ్లాలకీ లొంగదు. 1883లో యోషిదా అనే జపాన్ శాస్త్రవేత్త ఆ ఎంజైము సంగతి కనిపెట్టాడు. తర్వాత ఫ్రెంచివాళ్లు దానికి పెట్టిన పేరు లాకేజ్. అంటే లక్క జాడే లేని చెట్టులోని ఎంజైముకి కూడా లక్క పేరే!

ఆ చెట్టు మనకి బొత్తిగా పరాయిది కూడా కాదు. మామిడి, జీడిమామిడి ఉన్న కుటుంబమే దానిది. చాకలివాళ్లు బట్టలకి గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా దాని చుట్టమే. ఆ గింజ రసం తగిలితే చర్మం పొక్కుతుంది, బట్టకి అంటితే ఎన్ని ఉతుకులకీ పోదు. చైనా లక్క పనివాళ్లకి మొదట్లో చేతులు పొక్కేది ఇదే జాతి రసాయనంతో. కోనసీమలో మోరి జీడిపప్పు తిననివాళ్లుండరు. జీడిగింజ పెంకులో ఉండే నూనె కూడా అలాంటిదే, పప్పు తీసేవాళ్ల వేళ్లని కాలుస్తుంది. అంటే ఆ పదార్థపు చుట్టాలు మన పెరట్లో ఉన్నాయి. వాటిని చాకలి గుర్తుకి వాడుకున్నాం. అక్కడివాళ్లు ఆ కుటుంబంలోని ఒక చెట్టు చుట్టూ కొన్ని వేల ఏళ్ల కళని కట్టుకున్నారు.

ఇంకొక మలుపు కూడా ఉంది. చైనా నుంచి వచ్చే సరుకు చాలక యూరప్‌లో నకిలీలు చేయడం మొదలుపెట్టారు. అక్కడ ఆ చెట్టు లేదు, ఆ పాలు ఓడలో అంత దూరం నిలవ ఉండేవి కాదు. అప్పుడు వాళ్లకి అక్కరకొచ్చింది మన దేశపు లక్క. దాన్ని సారాయిలో కరిగించి పూత మీద పూత వేసేవాళ్లు. స్టాకర్, పార్కర్ పుస్తకంలోని వంటకాలు చాలా వరకు ఇవే. జపాన్ పేరుతో, చైనా బొమ్మలతో, ఇండియా పురుగు సరుకుతో, లండన్‌లో తయారైన బీరువా. ప్రపంచీకరణ అనే మాట పుట్టకముందే దాని సరుకు తయారైంది.

*

ఈ పేర్ల గొడవలో చెప్పకుండా వదిలేస్తే అన్యాయమయ్యేది అసలు చెక్కుడు లక్క. కోరమండల్ తెరలో లోతు వచ్చేది కింద మెత్తిన పొర వల్ల. పైన లక్క పలచగానే ఉంటుంది. అంత పెద్ద తెర చేయగలిగింది ఆ సులువు వల్లే. చైనాలో అంతకంటే పాతదీ ఎన్నో రెట్లు కష్టమైనదీ ఇంకో పద్ధతి ఉంది. అందులో మట్టి సాయం లేదు, చెక్కేది అచ్చంగా లక్కనే. ఎర్రటిదాన్ని తీహోంగ్ అంటారు.

చెక్కతోనో మరొకదానితోనో చేసిన పళ్లెం లేదా డబ్బీ మీద ఇంగిలీకం కలిపిన లక్క పలచగా పూస్తారు. కాగితం అంత పొర. అది ఆరేదాకా ఆగి మళ్లీ ఒకటి. మేలు రకం వస్తువుకి ఇలాంటి పూతలు వంద దాటేవి. పూతలకే నెలలు పడుతుంది. పూత మందంగా వేసి త్వరగా తేల్చేద్దామంటే కుదరదు, పైన పొర బిగుసుకుని లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు పడుతుంది. ఈ పొరల దిమ్మ మరీ గట్టిపడకముందే చెక్కాలి. ఒక్కసారి ఉలి జారితే పూడ్చడానికి లేదు. కొన్నిటిలో ఎర్ర పొరల మధ్య ఒక పలచటి నల్ల పొర కనపడుతుంది. ఉలి ఎంత లోతుకి దిగిందో చెప్పే గుర్తు అదని అంటారు. కొన్నిటిలో పొరలకి వేర్వేరు రంగులు వేసేవాళ్లు. ఆకుకి ఆకుపచ్చ పొర దాకా, పువ్వుకి ఎర్ర పొర దాకా, కావాల్సిన రంగు దగ్గర ఉలి ఆగిపోవాలి. ఆకాశం, నీళ్లు, నేల అని తెలియడానికి మూడు రకాల సన్నటి అల్లిక నమూనాలు చెక్కేవాళ్లు. మేడ, చెట్టు, మనుషులు ఆ నమూనాల మీద పైకి లేచి ఉంటారు.

సోంగ్ రాజుల కాలానికి ఈ పని బాగా కుదురుకుంది. 14వ శతాబ్దంలో, యువాన్ పాలన చివర, జాంగ్ చెంగ్, యాంగ్ మావ్ అనే ఇద్దరు దీనికి ప్రమాణాలయ్యారు. మింగ్ చక్రవర్తి యొంగ్‌ల 1403లో జపాన్ పాలకుడికి పంపిన కానుకల్లో 58 చెక్కుడు లక్క వస్తువులు ఉన్నాయి. పింగాణి, పట్టు పక్కన ఒక దేశం ఇంకో దేశానికి గొప్పగా ఇచ్చుకునే వస్తువు అయిందన్నమాట.

ఈ పని గురించిన పుస్తకానిదీ ఒక కథ. 16వ శతాబ్దంలో హువాంగ్ చెంగ్ అనే లక్క పనివాడు తన విద్య మొత్తాన్ని ‘షియు షి లు’ అనే పుస్తకంగా రాశాడు. 1625లో యాంగ్ మింగ్ అనే మరో పనివాడు దానికి వ్యాఖ్యానం రాశాడు. మన క్వాన్‌త్సాయ్ పేరు కూడా అందులో ఉంది. పండితులు పనివాళ్ల గురించి రాయడం ఎక్కడైనా ఉంటుంది, పనివాడే పనివాళ్ల కోసం రాయడం అరుదు. ఆ పుస్తకం చైనాలో కనపడకుండా పోయింది. జపాన్‌లో ఒక రాతప్రతిగా మిగిలింది. దాని నకలు తెప్పించి జు చిచియెన్ అనే ఆయన 1927లో చైనాలో అచ్చు వేయించాడు. తర్వాత వాంగ్ షిషియాంగ్ అనే పండితుడు దశాబ్దాల పాటు ముసలి పనివాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో మాటకీ అర్థం రాబట్టి రాసిన వివరణ 1983లో పుస్తకంగా వచ్చింది. మూడు వందల ఏళ్లు తన దేశంలో లేని పుస్తకం, ఉలి పట్టినవాళ్ల నోటిమాటతో మళ్లీ చదవడానికి వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా వస్తువుల విభాగం చూడొచ్చు. పింగాణి దగ్గరే ఆగిపోకుండా లక్క పని దాకా వెళ్తే ఈ పొరల సంగతి కళ్లకి అందుతుంది.

*

ఇక మూడో ప్రశ్న. చెక్కి, నింపే పని అసలైన కోరమండల్ తీరంలో ఏమీ జరగలేదా? జరిగింది. విశాఖపట్నంలో.

1682లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కొఠీ పెట్టాక, కంపెనీ ఉద్యోగులకి కుర్చీలు, బల్లలు, పెట్టెలు కావలసివచ్చాయి. నమూనాలు వాళ్లు ఇచ్చారు, చెయ్యి మనవాళ్లది. మొదట్లో ఎర్రచందనపు ఛాయ ఉన్న గట్టి కర్రల్లో ఏనుగు దంతం ముక్కలు పొదిగేవాళ్లు. తర్వాత్తర్వాత గంధపు చెక్క పెట్టె మొత్తానికి దంతపు రేకులు తాపడం చేశారు. ఆ దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపి, పైన మిగిలింది రుద్ది తీసేస్తే, తెల్లటి నేల మీద నల్లటి తీగలూ పువ్వులూ తేలతాయి. ఆ పూలతీగలు చూడగానే కలంకారీ గుర్తొస్తుంది. ఒకే తీరపు చేతులు కదా. 1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఇక్కడి పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుని రాసుకున్నాడు. దంతం పెగూ నుంచి ఓడల్లో వచ్చేది. పని చేసింది కంసాలులు.

చైనా తెరకీ ఈ పెట్టెకీ పుట్టుకలో సంబంధం లేదు. ఒకటి నల్లని తవ్వి రంగు నింపితే, ఇంకోటి తెల్లని గీసి నలుపు నింపింది. అక్కడ చెట్టు పాలు, ఇక్కడ పురుగు లక్క. చేతి కదలిక మాత్రం ఒకటే: గీయడం, తవ్వడం, నింపడం, నున్న చేయడం. ఈ విశాఖ పెట్టెలు ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, పెద్ద వేలాల్లో అమ్ముడవుతున్నాయి. వాటిని ‘ఆంగ్లో ఇండియన్’ విభాగంలో పెడతారు. కోరమండల్ అనే పేరు నిజంగా న్యాయంగా చెందాల్సిన వస్తువుకి ఆ పేరు రాలేదు. రేవు దాటిపోయిన దానికి వచ్చింది.

దంతం పని ఆగిపోవడం గురించి నాకేం దిగుల్లేదు. ఏనుగు ప్రాణం ఖరీదైన అందం అది. ఇప్పుడు ఆ వ్యాపారం చట్టరీత్యా నేరం, అలాగే ఉండాలి. లక్క పని మాత్రం ఆగలేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. చైనా లక్క గట్టిపడ్డాక కరగదు కాబట్టి ఈ పద్ధతి దానితో కుదరదు. మన లక్క వంద పొరలుగా చెక్కడానికి పనికిరాదు కానీ, తిరిగే కర్ర మీద క్షణాల్లో రంగుల కట్టు వేస్తుంది. ఏ పదార్థానికి ఆ పనితనం. తీహోంగ్ ఓర్పుని చూసి మన లక్కపిడతలు తక్కువ అనుకోనక్కర్లేదు. ద్రాక్షారామం, కోటిపల్లి తీర్థాల్లో మా తరం పిల్లలు కొనిపించుకున్న ఆ పిడతల వెనక కూడా పదార్థం గుణం తెలిసిన చెయ్యి ఉంది. రసాయన రంగులు వచ్చి పాడుచేసిన పనిని మొక్కల రంగులతో మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. ఈసారి పేరు సరుకు ఎక్కిన రేవుది కాదు, పుట్టిన ఊరిదే.

ఆ గుర్తింపుతో ఊరి పేరు నిలుస్తుంది. మనిషి పేరు? మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక కామా మార్చినా ఎవరు మార్చారో, ఏ రోజు ఎన్ని గంటలకి మార్చారో దానంతట అదే నమోదైపోతుంది. పదేళ్ల తర్వాత కూడా వెతికి పట్టుకోవచ్చు. చాలాసార్లు తిట్టడానికే అనుకోండి. పన్నెండు పలకల తెర చెక్కినవాళ్లకీ, విశాఖ పెట్టె మీద జుట్టంత గీత గీసి లక్క నింపిన కంసాలికీ ఆ పాటి నమోదు లేదు. మ్యూజియం చీటీ మీద తెరకి ‘కోరమండల్’ అని ఉంటుంది, అది మోసిన దారి. ‘చైనా’ అని ఉంటుంది, అది పుట్టిన దేశం. చేసినవాళ్ల పేరు దగ్గరికొచ్చేసరికి ఆ చీటీ తరచుగా మౌనంగా ఉంటుంది.

అందుకే నాకు కోరమండల్ తెర కంటే జాంగ్ చెంగ్ పళ్లేలే ఎక్కువ నచ్చాయి. ఆయన పేరు పడ్డ వస్తువుల్లో సంతకం పైన ఎక్కడా ఉండదు. పైనంతా పువ్వులకీ మేడలకీ వదిలేసి, అడుగున, అంచు దగ్గర, సూదిమొనతో గీసిన మూడు చిన్న అక్షరాలు ఉంటాయి. పళ్లెం తిరగేస్తే తప్ప కనపడవు. ‘జాంగ్ చెంగ్ చేసినది’ అని అర్థం.